కోళ్ళలో వైరస్ జబ్బుల తీవ్రత ఎక్కడ రాసి ఉంటుంది?

కొక్కెర తెగులుతో చనిపోయిన కోడిని కోసి చూసే పశువైద్యుడు కందనకాయకు ముందుండే గ్రంథి జఠరాన్ని తప్పకుండా చీల్చి చూస్తాడు. లోపలి పొర మీద, గ్రంథుల మొనల దగ్గర, గుండుసూది తలంత ఎర్రని రక్తపు చుక్కలు కనిపిస్తే అనుమానం బలపడుతుంది. బర్డ్ ఫ్లూలోనూ ఇలాంటి చుక్కలే కనిపిస్తాయి కాబట్టి ప్రయోగశాల పరీక్ష ఎలాగూ తప్పదు. ఇంత విధ్వంసం చేసిన ఈ వైరస్‌దీ, వారం వయసు పిల్లలకు కంట్లో చుక్కగా వేసే లసోటా టీకాలోని వైరస్‌దీ ఒకటే జాతి. ఒకదాని మీద పుట్టిన యాంటీబాడీలు రెండోదాన్ని కూడా పట్టుకుంటాయి. టీకా పనిచేయడానికి ఆధారం అదే. అయినా మొదటిది రక్షణ లేని షెడ్డులో నూటికి తొంభైకి పైగా కోళ్ళను తుడిచిపెట్టగలదు, రెండోది నాలుగు తుమ్ములతో సరిపెడుతుంది.

ఈ చిక్కుముడికి మరో కొస కూడా ఉంది. కోళ్ళను రెండు రోజుల్లో చంపే బర్డ్ ఫ్లూ వైరస్‌ను ఒంట్లో పెట్టుకుని బాతు మామూలుగా ఈదుతూ తిరగగలదు. ఒకే షెడ్డులో, ఒకే మేత తిని, ఒకే రోజు వైరస్ సోకిన కోళ్ళలోనూ కొన్ని రాలిపోతాయి, కొన్ని వాడిపోయి తేరుకుంటాయి, కొన్నింటికి ఏమీ కాదు. "ఈసారి వచ్చిన వైరస్ గట్టిది" అని పెంపకందారులు అనే మాటలో నిజం ఉంది కానీ, అది సగం నిజమే. తీవ్రత అనేది రెండు జన్యుక్రమాలు ఎదురుపడ్డప్పుడు తేలే ఫలితం. కొక్కెర తెగులునే తీసుకుంటే, ఒకవైపు పదిహేను వేల అక్షరాల వైరస్ జన్యుక్రమం, మరోవైపు సుమారు 100 కోట్ల అక్షరాల కోడి జన్యుక్రమం. వీటిలో దేని వాటా ఎంత అన్నది జబ్బును బట్టి మారుతుంది.

ముందుగా తీవ్రతను ఎలా కొలుస్తారో చూడాలి. న్యూకాజిల్ వ్యాధి, రాణిఖేత్ వ్యాధి అని పుస్తకాల్లో కనిపించే కొక్కెర తెగులు విషయంలో, ఒక రోజు వయసున్న పిల్లల మెదడులోకి వైరస్‌ను సూదితో ఎక్కించి ఎనిమిది రోజులు గమనిస్తారు. ప్రతి రోజూ ఆరోగ్యంగా ఉన్న పిల్లకు 0, జబ్బుపడ్డదానికి 1, చనిపోయినదానికి 2 వేసి, మొత్తానికి సగటు తీస్తారు. ఈ సూచిక 0.7 లేదా అంతకు మించితే ఆ వైరస్‌ను తప్పనిసరిగా ప్రకటించాల్సిన తీవ్ర రకంగా ప్రపంచ పశు ఆరోగ్య సంస్థ పరిగణిస్తుంది. అతి భయంకరమైన రకాలు 2.0కు దగ్గరగా ఉంటాయి, లసోటా వంటివి సున్నా పక్కన. బర్డ్ ఫ్లూకు ఆరు వారాల కోళ్ళ రక్తనాళంలోకి వైరస్ ఎక్కించి, పది రోజులు చూసి, 3 వరకు మార్కులు వేస్తారు. అక్కడ గీత 1.2 దగ్గర ఉంటుంది. షెడ్డులో ఏ కోడికీ వైరస్ సూది ద్వారా మెదడులోకి చేరదు కాబట్టి, ఈ అంకెలు వైరస్‌లను ఒకదానితో ఒకటి పోల్చడానికి మంచివే గానీ, రేపు ఫలానా మందలో ఎన్ని కోళ్ళు పోతాయో చెప్పడానికి పనికిరావు. ఈ తేడాను మరిచిపోవడం వల్లే చాలా వాదనలు దారి తప్పుతాయి.

కోత పడే చోటు

కొక్కెర తెగులు వైరస్ పై తొడుగు మీద ఎఫ్ అనే ప్రోటీన్ ఉంటుంది. వైరస్ తొడుగును కోడి కణం పొరతో కలిపేసి, లోపలికి దారి తెరిచేది ఇదే. అయితే ఇది తయారైనప్పుడు పనికిరాని స్థితిలో ఉంటుంది. కోడి శరీరంలోని ఏదో ఒక ఎంజైమ్ దాన్ని నిర్ణీత స్థానంలో రెండు ముక్కలుగా కోస్తేనే పనిలోకి వస్తుంది. అంటే వైరస్ తాళం తీసే పనిని కోడి చేతనే చేయించుకుంటుంది. ఆ కోత ఏ ఎంజైమ్ వేయగలదన్న ప్రశ్నకు జవాబు ఆ ప్రోటీన్ గొలుసులో 112 నుంచి 117 వరకు ఉన్న ఆరు పూసల, అంటే ఆరు అమైనో ఆమ్లాల, వరుసలో ఉంది.

లసోటాలో ఆ వరుస గ్లైసిన్, ఆర్జినిన్, గ్లూటమిన్, గ్లైసిన్, ఆర్జినిన్, ల్యూసిన్. దీన్ని ట్రిప్సిన్ లాంటి ఎంజైమ్‌లు మాత్రమే కోయగలవు. అవి కోడి శరీరంలో దొరికేది శ్వాసనాళం, పేగు లోపలి పొరల దగ్గరే. కాబట్టి వైరస్ అక్కడికే పరిమితమవుతుంది. తీవ్ర రకాల్లో ఈ వరుస ఆర్జినిన్, ఆర్జినిన్, గ్లూటమిన్, లైసిన్, ఆర్జినిన్, ఫినైల్ అలనిన్‌గా ఉంటుంది. ధనావేశం గల ఆర్జినిన్, లైసిన్ ఇలా గుంపుగా చేరితే ఫ్యూరిన్ అనే ఎంజైమ్‌కు అది పట్టుచిక్కే చోటవుతుంది. ఫ్యూరిన్ దాదాపు ప్రతి కణంలోనూ, ప్రోటీన్లు తయారై బయటికి వెళ్ళే దారిలోనే కాపు కాసి ఉంటుంది. కనుక ఏ కణంలో పుట్టిన వైరస్ అయినా సిద్ధమైన ఆయుధంతోనే బయటికి వస్తుంది. ఇక మెదడు, ప్లీహం, రక్తనాళాల గోడలు, గ్రంథి జఠరం అన్నీ దానికి తెరిచిన తలుపులే. మొదట చెప్పిన ఎర్రని చుక్కలు ఈ ఆరు అమైనో ఆమ్లాల దూరంలో ఉన్నాయి.

ఈ దూరం ఎంత తక్కువో 1998 నుంచి 2000 వరకు ఆస్ట్రేలియాలో వచ్చిన వ్యాప్తులు చూపించాయి. అక్కడి కోళ్ళలో పెద్దగా హాని చేయకుండా తిరుగుతున్న ఒక స్థానిక వైరస్‌లో 115వ స్థానంలోని గ్లైసిన్ ఆర్జినిన్‌గా, 117వ స్థానంలోని ల్యూసిన్ ఫినైల్ అలనిన్‌గా మారాయి. జన్యు అక్షరాల్లో చెప్పాలంటే రెండే రెండు మార్పులు. బయటి నుంచి కొత్త వైరస్ ఏదీ దేశంలోకి రాలేదు, ఉన్నదే మారింది. సరిహద్దుల దగ్గర ఎంత గట్టి కాపలా పెట్టినా ఆపలేని ప్రమాదం ఇది. హానిలేని వైరస్ మందలో తిరుగుతోందని తెలిసీ ఊరుకోవడం ఎంతవరకు సబబన్న చర్చకు అప్పటి నుంచే ఊపు వచ్చింది.

దీనికి ఎదురు పరీక్షను 1999లో నెదర్లాండ్స్ శాస్త్రవేత్తలు చేశారు. లసోటా వైరస్ జన్యుక్రమాన్ని ప్రయోగశాలలో పూర్తిగా పునర్నిర్మించి, కోత స్థానాన్ని మాత్రం తీవ్ర రకం వరుసతో మార్చారు. సున్నా దగ్గర ఉండాల్సిన సూచిక 1.28కి చేరింది. కోత స్థానమే ప్రధాన మీట అని దీంతో తేలింది. కానీ ఆ 1.28కీ, అసలైన తీవ్ర రకాల 2.0కీ మధ్య మిగిలిన ఖాళీ కూడా అంతే ముఖ్యమైనది. పావురాల్లో తిరిగే కొన్ని రకాల్లో కోత స్థానం అచ్చంగా తీవ్ర రకానిదే అయినా, కోళ్ళ పిల్లల మెదడులో వాటి సూచిక చాలా తక్కువగా ఉంటుంది. అలాంటి ఒక వైరస్‌ను కోళ్ళలో వరుసగా పెంచితే తీవ్రత పెరిగింది. కోత స్థానంలో ఒక్క అక్షరం మారకుండానే, వైరస్ తన నకళ్ళు తీసుకునే పాలిమరేజ్ యంత్రాంగంలో మార్పులు వచ్చాయి. తలుపులు తెరవడం ఒక ఎత్తు, లోపలికి వెళ్ళాక ఎంత వేగంగా పెరగగలదన్నది మరో ఎత్తు. దీనికి తోడు వైరస్‌కున్న వి అనే చిన్న ప్రోటీన్, వైరస్ చొరబడిందని కోడి కణాలు చాటే ఇంటర్‌ఫెరాన్ హెచ్చరికను నొక్కేస్తుంది. మనుషుల కణాల్లో దానికి ఆ శక్తి లేదు కాబట్టే ఈ వైరస్ మనుషుల్లో కళ్ళకలకను మించి సాధారణంగా పోదు.

బర్డ్ ఫ్లూలోనూ సూత్రం ఇదే, ప్రోటీన్ మాత్రం వేరు. హీమాగ్లుటినిన్ అనే పై ప్రోటీన్‌లో కోత స్థానం దగ్గర ఒకే ఆర్జినిన్ ఉంటే వైరస్ శ్వాసనాళం, పేగుల వద్ద ఆగుతుంది. ఆర్జినిన్లు, లైసిన్లు వరుసకడితే ఒళ్ళంతా పాకుతుంది. పదహారు రకాల పక్షి హీమాగ్లుటినిన్లలో సహజంగా ఈ మలుపు తిరిగినవి హెచ్5, హెచ్7 మాత్రమే. ఆ రెండింటి ఆర్ఎన్ఏ ఆ స్థానంలో మడతపడే తీరు వల్ల నకలు తీసే ఎంజైమ్ తడబడి, ఒకే అక్షరాలను రెండు మూడుసార్లు రాసేస్తుందని ప్రయోగాలు సూచిస్తున్నాయి.

అయితే బర్డ్ ఫ్లూ వైరస్‌లు ఈ గమ్యానికి చేరుకున్న దారులు చూస్తే ఆశ్చర్యం కలుగుతుంది. 2002లో చిలీలో వచ్చిన హెచ్7ఎన్3 వైరస్ తన సొంత న్యూక్లియోప్రోటీన్ జన్యువు నుంచి 30 అక్షరాల ముక్కను తెచ్చి కోత స్థానంలో అతికించుకుంది. 2004లో కెనడాలోని బ్రిటిష్ కొలంబియాలో వచ్చిన హెచ్7ఎన్3 మ్యాట్రిక్స్ జన్యువు నుంచి 21 అక్షరాలు తీసుకుంది. 2012లో మెక్సికో వైరస్ ఇంకా ముందుకెళ్ళి, కోడి కణంలో ప్రోటీన్లు తయారుచేసే రైబోజోమ్ ఆర్ఎన్ఏ నుంచే ముక్క కోసుకుంది, అంటే కోడి ఇంట్లోని ఇటుకతోనే కోడి గోడ పగలగొట్టింది.

వీటన్నింటికంటే నాకు ఎక్కువ బోధపరిచింది 1983 నాటి పెన్సిల్వేనియా ఉదంతం. ఆ ఏడాది ఏప్రిల్‌లో అక్కడ కనిపించిన హెచ్5ఎన్2 వైరస్ ఓ మోస్తరు శ్వాస ఇబ్బందులు కలిగించింది. అక్టోబరు నాటికి అదే వైరస్ సంతతి మందలను ఊడ్చేయడం మొదలుపెట్టింది. దాన్ని అదుపు చేయడానికి సుమారు 1 కోటి 70 లక్షల పక్షులను పోగొట్టుకోవలసి వచ్చింది. శాస్త్రవేత్తలు రెండు వైరస్‌లనూ పక్కపక్కన పెట్టి చూస్తే కోత స్థానం రెండింటిలోనూ ఒకటే. ఏప్రిల్ వైరస్‌లోనే ధనావేశపు అమైనో ఆమ్లాల గుంపు సిద్ధంగా ఉంది. తేడా అల్లా, ఏప్రిల్ వైరస్‌లో ఆ స్థానానికి పక్కనే ఒక చక్కెర గొలుసు గొడుగులా అడ్డుగా ఉండడం, అక్టోబరు వైరస్‌లో ఒక మార్పు వల్ల ఆ గొలుసు ఊడిపోవడం. అన్ని నెలలూ ఆ ప్రమాదం గొడుగు చాటున ఉండిపోయింది. జన్యుక్రమంలో కోత స్థానాన్ని మాత్రమే చదివి తీర్పు చెప్పేస్తే ఎంత మోసపోవచ్చో దీనికన్నా బాగా చెప్పే ఉదాహరణ లేదు.

కోడి వైపు లెక్క

బాతు ఎందుకు తట్టుకుంటుందన్న ప్రశ్నకు వస్తే, జవాబులో ఒక భాగం 2010లో దొరికింది. కణంలోకి చొరబడిన ఫ్లూ వైరస్ ఆర్ఎన్ఏను పసిగట్టి తక్షణం హెచ్చరించే రిగ్-ఐ అనే కావలి ప్రోటీన్ బాతుల్లో ఉంది, కోడి జన్యుక్రమంలో లేదు. పరిణామ క్రమంలో ఎప్పుడో కోడి వంశం దాన్ని పోగొట్టుకుంది. బాతు రిగ్-ఐ జన్యువును కోడి కణాల్లో పెడితే ఇంటర్‌ఫెరాన్ స్పందన మేల్కొంది, వైరస్ పెరుగుదల తగ్గింది. కోడిలో ఎండీఏ-5 అనే మరో ప్రోటీన్ కొంతమేరకు ఆ పనిని భర్తీ చేస్తుంది కాబట్టి కోడి పూర్తిగా నిస్సహాయం కాదు. అలాగే తీవ్ర హెచ్5ఎన్1 వైరస్ కోళ్ళలో రక్తనాళాల లోపలి పొర కణాలను పట్టుకుని ఒళ్ళంతా రక్తస్రావం, వాపు తెస్తుంది. బాతుల్లో అది సాధారణంగా ఆ కణాల జోలికి పోదు. 2002 తర్వాత వచ్చిన కొన్ని హెచ్5ఎన్1 రకాలు బాతులను కూడా చంపాయి కాబట్టి, రిగ్-ఐ ఉంటే చాలు అని ఎవరూ ధీమా పడకూడదు.

ఇక్కడ రెండు మాటలను విడదీసి వాడుకోవడం అవసరం. వైరస్‌ను ఒంట్లో పెరగనీయకపోవడం నిరోధం. వైరస్ ఉన్నా జబ్బుపడకపోవడం సహనం. పెంపకందారుడికి రెండూ ఒకేలా కనిపిస్తాయి, రెండు సందర్భాల్లోనూ కోడి బతికే ఉంటుంది కదా. కానీ సహనం ఉన్న పక్షి తన పక్కవాటికి వైరస్ పంచుతూనే ఉంటుంది. బాతుది చాలావరకు సహనమే. బర్డ్ ఫ్లూ వ్యాప్తిలో బాతులకు అంత చోటు దక్కడానికి కారణం అదే.

నిరోధానికి అతి శుభ్రమైన ఉదాహరణ, కోళ్ళలో కణితులు తెచ్చే ఏవియన్ లుకోసిస్ వైరస్‌ల దగ్గర దొరుకుతుంది. ఈ వైరస్ కుటుంబానికే చెందినది 1911లో పేటన్ రౌస్ కోడి కణితి నుంచి వేరుచేసిన వైరస్. దానికి 1966లో ఆయనకు నోబెల్ వచ్చింది. వీటిలోని ఉపరకాలు ఒక్కొక్కటీ కోడి కణం మీది ఒక్కో ప్రోటీన్‌ను పట్టుకుని లోపలికి వస్తాయి. ఆ ప్రోటీన్ చెడిన కోడికి ఆ ఉపరకం అసలు సోకదు. తల్లిదండ్రులిద్దరి నుంచీ చెడిన ప్రతి వస్తేనే ఈ రక్షణ దక్కుతుంది. జె ఉపరకం వాడుకునే ప్రోటీన్‌లో 38వ స్థానంలోని ట్రిప్టోఫాన్ ఒక్కటీ తొలగిస్తే వైరస్ కాలుపెట్టలేదని తెలిశాక, చెక్ శాస్త్రవేత్తలు 2020లో సరిగ్గా ఆ ఒక్క మార్పుతో కోళ్ళను తయారుచేసి చూపించారు. జన్యువు ఒకటి, తాళం ఒకటి, ఫలితం అవునా కాదా అన్నంత సూటి. ఇలాంటి సూటిదనం మిగతా జబ్బుల్లో ఆశించకూడదు.

మారెక్స్ వ్యాధి దగ్గరికి వచ్చేసరికి లెక్క చిక్కబడుతుంది. 1907లో హంగరీలో జోసెఫ్ మారెక్ దీన్ని కాళ్ళు చచ్చుబడే జబ్బుగా వర్ణించాడు. ఒక కాలు ముందుకూ, మరో కాలు వెనక్కూ చాచి పడిపోయిన కోడిని ఒక్కసారి చూసినవారు మరిచిపోరు. కారణం హెర్పిస్ కుటుంబపు వైరస్ అని 1967లో తేలింది. దీని జన్యుక్రమం కొక్కెర తెగులు వైరస్‌కు పదింతలకు పైగా ఉంటుంది. అందులో మెక్ అనే జన్యువు రోగనిరోధక వ్యవస్థలోని టి కణాలను క్యాన్సర్ కణాలుగా మారుస్తుంది. ఈక పుట్టే కుదుళ్ళ నుంచి రాలే పొట్టుతో పాటు వైరస్ గాలిలోకి చేరి, షెడ్డు దుమ్ములో నెలల తరబడి నిలిచి ఉంటుంది.

ఏ కోడి తట్టుకుంటుందన్నది మొదట పెంపకం ప్రయోగాల్లో బయటపడింది. 1960లలో అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయంలో జబ్బును తట్టుకున్న కోళ్ళ సంతానాన్ని ఒకవైపు, తట్టుకోలేనివాటి సంతానాన్ని మరోవైపు ఎంపిక చేస్తూ పోతే, కొద్ది తరాల్లోనే ఒక వంశంలో మరణాలు బాగా తగ్గిపోయాయి, మరో వంశంలో బాగా పెరిగాయి. తట్టుకున్నవాటి రక్తంలో బి21 అనే రక్తవర్గపు గుర్తు, తట్టుకోలేనివాటిలో బి19 గుర్తు ప్రధానంగా కనిపించాయి. ఈ బి సముదాయం కోడి 16వ క్రోమోజోమ్ మీద ఉన్న ఎంహెచ్‌సీ ప్రాంతం, అంటే కణం లోపలి ప్రోటీన్ల ముక్కలను బయటికి ప్రదర్శించి "ఇందులో వైరస్ ఉంది చూడండి" అని టి కణాలకు చెప్పే ప్రోటీన్ల గూడు.

ఒకే రక్తవర్గపు గుర్తుకు ఇంత పెద్ద ప్రభావం కోళ్ళలో ఉండడానికి కారణం 1999లో ఆ ప్రాంతపు అక్షరాలను పూర్తిగా చదివాక అర్థమైంది. మనుషుల్లో దాదాపు 40 లక్షల అక్షరాల మేర, రెండు వందలకు పైగా జన్యువులతో విస్తరించిన ఈ ప్రాంతం కోడిలో 92 వేల అక్షరాల్లో 19 జన్యువులతో సర్దుకుని ఉంది. మనిషి కణాలు మూడు జన్యువుల నుంచి, తల్లి తండ్రి ప్రతులు కలిపి ఆరు రకాల దాకా ప్రదర్శన ప్రోటీన్లను చూపిస్తే, కోడిలో ఆ పని ప్రధానంగా బీఎఫ్2 అనే ఒక్క జన్యువే చేస్తుంది. ఆ ఒక్కటీ వైరస్ ముక్కను పట్టుకోలేకపోతే ఆదుకునే రెండో చెయ్యి ఉండదు. బి21 రకపు ప్రోటీన్ గాడి తన ఆకారాన్ని సర్దుకుంటూ ఎన్నో రకాల ముక్కలను పట్టుకోగలదు, కణం మీద మాత్రం తక్కువ సంఖ్యలో ఉంటుంది; బి19 రకానిది ఎంచుకునే ముక్కలు తక్కువ, కణం మీద సంఖ్య ఎక్కువ. పెళ్ళివిందులో ఏది వడ్డించినా తినేవాడికీ, రెండు పదార్థాలకే చెయ్యి చాచేవాడికీ ఉన్న తేడా లాంటిది ఇది.

ఇంతటితో ఆగితే బి21 కోళ్ళనే పెంచితే సరిపోతుందనిపిస్తుంది. కానీ అమెరికాలోని ఈస్ట్ లాన్సింగ్ ప్రయోగశాలలో దశాబ్దాలుగా కాపాడుతూ వచ్చిన 6వ, 7వ వంశాల కోళ్ళు రెండింటికీ బి2 గుర్తే ఉంది. అయినా 6వ వంశం మారెక్స్ కణితులను తట్టుకుంటుంది, 7వ వంశం వాటికి లొంగిపోతుంది. అంటే ఎంహెచ్‌సీ బయట, జన్యుక్రమమంతటా చిన్న చిన్న వాటాలతో పనిచేసే జన్యువులు చాలా ఉన్నాయి. పైగా ఒక జబ్బుకు మంచిదైన గుర్తు మరోదానికి మంచిది కావాలని లేదు. మారెక్స్ విషయంలో ఒక గుర్తుకు ఇచ్చే మార్కులు కొక్కెర తెగులు విషయంలో దానికి ఇవ్వలేం. కొక్కెర తెగులు తర్వాత రక్తంలో వైరస్ ఎంత ఉంది, యాంటీబాడీలు ఎంత వచ్చాయి వంటి లక్షణాలకు వారసత్వపు వాటా ఓ మోస్తరుగా ఉందని, అది అనేక జన్యువుల మధ్య పంచుకుని ఉందని వేరువేరు కోడి వంశాల మీద చేసిన అధ్యయనాలు చూపాయి. ఇలాంటి సందర్భంలో ఒక గుర్తును పట్టుకుని ఎంపిక చేయడం కుదరదు, వేల గుర్తులను కలిపి అంచనా వేయాలి.

కోడిపిల్లల బర్సా అనే అవయవాన్ని దెబ్బతీసే వైరస్ జబ్బు గంబోరో మరో కోణం చూపిస్తుంది. ఈ వైరస్‌కు రెండు జన్యు ఖండాలు. 1962లో అమెరికాలో మొదటిసారి వర్ణించినప్పుడు మరణాలు తక్కువ. 1980ల చివరి భాగంలో ఐరోపాలో అతి తీవ్ర రకం వచ్చాక లేయర్ పిల్లల్లో 50–60% దాకా, బ్రాయిలర్లలో 25–30% దాకా మరణాలు కనిపించాయి. వైరస్ కవచపు ప్రోటీన్ వీపీ2లోని కొన్ని అమైనో ఆమ్లాలు అది బర్సాలోని బి కణాలను, అంటే యాంటీబాడీలు తయారుచేసే కణాలను, ఎంత బాగా పట్టుకుంటుందో నిర్ణయిస్తే, రెండో ఖండంలోని పాలిమరేజ్ అది పెరిగే వేగాన్ని నిర్ణయిస్తుంది. మలద్వారం పైన ఉండే బర్సా మొదట ఉబ్బి, జిగట పసుపు పొరతో కప్పబడి, తర్వాత కుంచించుకుపోతుంది. వైరస్ ఒకటే అయినా లేయర్‌కూ బ్రాయిలర్‌కూ ఇంత తేడా ఎందుకంటే, మరణానికి వైరస్ చేసే నష్టంతో పాటు కోడి సొంత రోగనిరోధక కణాలు ఒక్కసారిగా కుమ్మరించే సైటోకైన్లు అనే వాపు సంకేతాలు కూడా కారణం. అతిగా స్పందించే జాతికి ఆ స్పందనే ఉరి అవుతుంది. ఎక్కువ రోగనిరోధక శక్తి ఎప్పుడూ మంచిదనుకునే అలవాటును ఈ జబ్బు దగ్గర వదులుకోవాలి.

మన చేయి

రెండు జన్యుక్రమాల మధ్య మూడో చేయి మనిషిది. మారెక్స్‌కు 1970 ప్రాంతంలో టర్కీ కోళ్ళ హెర్పిస్ వైరస్‌తో చేసిన టీకా వచ్చింది; క్యాన్సర్‌ను విస్తృతంగా అడ్డుకున్న తొలి టీకా అదే. 1980లలో దాన్ని దాటే రకాలు వస్తే ఎస్‌బీ-1 అనే మరో టీకా కలిపారు, ఆ తర్వాత రిస్పెన్స్ అనే టీకాను ఆశ్రయించాల్సి వచ్చింది. ఈ టీకాలు కణితులను ఆపుతాయి, వైరస్ సోకడాన్నీ వెదజల్లడాన్నీ పూర్తిగా ఆపవు. 2015లో ప్రచురితమైన ప్రయోగాల్లో, టీకా వేయని కోళ్ళు అతి తీవ్ర రకాలు సోకిన పది రోజుల్లోపే, వైరస్‌ను పెద్దగా వెదజల్లక ముందే చనిపోయాయి. టీకా వేసినవి బతికి, వారాల తరబడి వైరస్‌ను వెదజల్లాయి. కోడిని చంపేసే వైరస్ తన దారినే మూసుకుంటుంది. టీకా ఆ దారిని తెరిచి ఉంచింది. దీన్ని పట్టుకుని టీకాలే వద్దనేవాళ్ళు ప్రయోగాన్ని సగమే చదివినట్టు, ఎందుకంటే ఇప్పుడు తిరుగుతున్న రకాల మధ్య టీకా లేని కోడికి బతుకు లేదు. 2023లో వెయ్యేళ్ళ నాటి కోడి ఎముకల నుంచి వెలికితీసిన మారెక్స్ వైరస్ డీఎన్ఏ ఈ చిత్రాన్ని మరింత స్పష్టం చేసింది: ఆనాటి మెక్ జన్యువుకు కణితులు పుట్టించే సామర్థ్యం కనిపించలేదు. మనకు తెలిసిన మారెక్స్ వైరస్ తన క్రూరత్వాన్ని ఇటీవలి కాలంలోనే సంపాదించుకుంది. మనిషి చేయి పడిన మరో ఉదాహరణ: ఆస్ట్రేలియాలో లారింగోట్రకైటిస్ అనే కోళ్ళ శ్వాసనాళపు వైరస్ జబ్బుకు వాడిన రెండు వేర్వేరు సజీవ టీకాల వైరస్‌లు మందల్లో కలుసుకుని, జన్యువులు మార్చుకుని, తీవ్ర రకంగా మారిన సంగతి 2012లో బయటపడింది. ఒకే ప్రాంతంలో రెండు సజీవ టీకాలను కలగాపులగంగా వాడకూడదన్న జాగ్రత్తకు మూలం అది.

మరి కోడి జన్యుక్రమాన్నే సవరిస్తే? ఫ్లూ వైరస్ పాలిమరేజ్ కోడి కణంలో పనిచేయాలంటే ఏఎన్‌పీ32ఏ అనే కోడి ప్రోటీన్ చేయూత కావాలి. పక్షుల ప్రోటీన్‌లో మనుషులకు లేని 33 అదనపు అమైనో ఆమ్లాలు ఉన్నాయి. పక్షి ఫ్లూ మనుషుల్లో అంత తేలిగ్గా పెరగలేకపోవడానికి ఇదొక కారణం. స్కాట్లాండ్‌లోని రోస్లిన్ సంస్థ, మరికొందరు కలిసి ఈ ప్రోటీన్‌లో 129, 130 స్థానాలను మార్చిన కోళ్ళను తయారుచేసి 2023లో ఫలితాలు వెల్లడించారు. మామూలు మోతాదులో హెచ్9ఎన్2 అనే బర్డ్ ఫ్లూ వైరస్ ఇస్తే పదింటిలో తొమ్మిది కోళ్ళకు సోకలేదు. మోతాదు వెయ్యి రెట్లు పెంచితే పదింటిలో అయిదింటికి సోకింది. వాటిలో దొరికిన వైరస్‌ను పరిశీలిస్తే పాలిమరేజ్ మార్పు చెంది, ఏఎన్‌పీ32బీ, ఏఎన్‌పీ32ఈ అనే దాయాది ప్రోటీన్లను వాడుకోవడం నేర్చుకుందని తేలింది. ప్రయోగశాలలో పెంచిన కోడి కణాల్లో మూడు జన్యువులనూ తీసేస్తే వైరస్ పెరగలేదు. ఆ మూడూ కోడి కణం తన సొంత అవసరాలకు వాడుకునే ప్రోటీన్లే కాబట్టి, పళ్ళెంలో బతికిన కణానికీ, మూడు సవరణలతో గుడ్డు నుంచి బయటికొచ్చి పెరిగి మళ్ళీ గుడ్డు పెట్టాల్సిన కోడికీ మధ్య దూరం ఇంకా మిగిలే ఉంది.